రొంపే, జలుబు కాదు

ఆ బస్టాండులో ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ, విననివాళ్ళు లేరు. టికెట్ల కౌంటరు పక్కన అద్దాల గది ఒకటుంది. అందులో ఇనప కుర్చీ, దాని మీద నలిగిపోయిన దిండు, ముందు మైకు, వెనక గోడకి గడియారం. ఆ కుర్చీలో కూర్చుని, మెడ కాస్త ముందుకి చాపి "ప్రయాణికులకు మనవి" అన్నాడంటే చాలు, మూట మీద తలపెట్టి గుర్రుపెడుతున్నవాడు కూడా లేచి చెప్పులు వెతుక్కునేవాడు. అందరూ ఆయన్ని మైకు బాబాయ్ అనేవారు. ఆయన కన్నా పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే అనేవారు. ఆ సంగతి ఆయనకి కాస్త గుచ్చుకునేది గానీ పైకి అనేవాడు కాదు.

మైకు బాబాయ్‌కి రెండు గొప్పలు ఉండేవి. మొదటిది, ఊళ్ళోంచి కదిలే ప్రతి బస్సూ తన నోటి మీదుగానే కదులుతుందని. అందుకే తను మాత్రం ఏ బస్సూ ఎక్కేవాడు కాదు. చుట్టాల ఇళ్ళకి భార్యనే పంపేవాడు. "నేను ఎక్కి కూర్చుంటే బస్సు కదిలిందని చెప్పేదెవరు?" అనేవాడు. ఆవిడ ఏం చెప్పగలదు, సంచి సర్దుకుని వెళ్ళేది.

రెండోది, తనకి జలుబు రాదని.

వినడానికి చిన్న మాటే గానీ, ఆయన జీవితం చాలావరకు ఈ రెండో గొప్ప మీదే నడిచింది. దీనికి మూలం వాళ్ళ నాయనమ్మ. ఆవిడ లెక్కలో రొంప, పడిశం, జలుబు ఒకటి కావు. ముగ్గురూ దగ్గర బంధువులు. రొంప చిన్నది, వస్తుంది, ముక్కు కారుస్తుంది, పోతుంది. పడిశం ఇంటికి పెద్ద. వచ్చిందంటే మంచం దిగనివ్వదు. జలుబు వాళ్ళకి వరసకి ఏదో అవుతుంది, పట్నం వైపుది, డాక్టర్ల నోళ్ళలోనూ మందు సీసాల మీదా తిరుగుతుంది గానీ మనలాంటి ఇళ్ళకి రాదు. చిన్నప్పుడు ఈయనకి ఒకసారి గట్టి పడిశం పట్టింది. నాయనమ్మ దుప్పటి కప్పి, ఆవిరి పట్టించి, ముక్కు తుడిచీ తుడిచీ ఎర్రగా చేసి, చివరికి తేల్చి చెప్పింది: "పెద్దదే వచ్చి పోయిందిరా. ఇంక దాని వాళ్ళెవరూ నీ గడప తొక్కరు, మొహమాటపడతారు."

పిల్లవాడు ఆ మాట పట్టుకున్నాడు. మీసాలొచ్చాయి, మీసాలు తెల్లబడ్డాయి, మాట మాత్రం వదల్లేదు. ఏటా వానలు మొదలవగానే ఊరందరితో పాటు తుమ్మేవాడు. అది దుమ్ము. దగ్గేవాడు. అది బస్సుల పొగ. ఒళ్ళు వెచ్చబడి ముక్కు కుళాయిలా కారితే, అప్పుడు తప్పనిసరై "రొంప" అని ఒప్పుకునేవాడు. ఇంకొంచెం ముదిరితే "పడిశం ఛాయలు". జలుబన్నది పుట్టి బుద్ధెరిగి ఎరగనని నలుగురిలో చెప్పుకుని, ఆ చెప్పుకోవడం పూర్తికాకుండానే తుమ్మేవాడు.

ఇంతలో సైన్సు కూడా ఆయన పక్షాన చేరింది. చేరిందని ఆయన అనుకున్నాడు. బస్టాండు వెనక ఉన్న చిన్న ఆస్పత్రి నర్సమ్మ ఓ రోజు వచ్చి, వానాకాలం జబ్బుల గురించి నాలుగు ముక్కలు మైకులో చెప్పమని అడిగింది. "ఒకసారి వచ్చిన వైరస్‌ని ఒళ్ళు కొంతకాలం గుర్తుపెట్టుకుంటుంది. అదే కుటుంబంలో ఇంకో వైరస్ వచ్చినా పోలిక పట్టి కొంతవరకు ఆపుతుంది. అయినా జాగ్రత్త అవసరం" అని చెప్పమంది. బాబాయ్‌కి ఆ "కొంత" అన్న మాట నచ్చలేదు. మైకులో కొంత అనేది ఏమిటి? బస్సు కొంతవరకు వచ్చిందని ఎవరైనా చెబుతారా? అందుకని రెండు కొంతలూ తీసేసి, జాగ్రత్త కూడా తీసేసి, "ఒకసారి వచ్చిన వైరస్‌ని ఒళ్ళు గుర్తుపెట్టుకుని, దాని కుటుంబం మొత్తాన్నీ ఆపుతుంది" అని గంభీరంగా చదివాడు. చదువుతూ నాయనమ్మని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇదేంటి బాబాయ్, నేను చెప్పింది ఒకటి, మీరు చెప్పింది ఒకటి," అని నర్సమ్మ అద్దం మీద వేలితో కొట్టింది.

"సారాంశం అదేగా అమ్మా."

"కాదండీ. మన పాసులకి గడువు ఉండదూ? ఇదీ అంతే. గడువు అయిపోతుంది. పైగా ఆ వైరస్‌లు ఊరికే వేషం మారుస్తుంటాయి. ఇవాళ్టి పాసు రేపటి బస్సుకి పనికిరాకపోవచ్చు."

"నాది జీవితాంతం పాసు," అన్నాడు బాబాయ్. నర్సమ్మకి అవతల రోగులున్నారు, వెళ్ళిపోయింది.

ఈ సిద్ధాంతాన్ని ఇంట్లో నమ్మని మనిషి ఆయన భార్య. ఆవిడ టైలరు. ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని వీధిలో సగంమందికి బట్టలు కుట్టేది. ఎప్పుడూ పెదాల మధ్య గుండుసూదులు ఉండేవి కాబట్టి ఆవిడ తక్కువ మాట్లాడేది. సూదులు తీసి పక్కన పెట్టిందంటే ఎదుటివాళ్ళు సర్దుకుని కూర్చోవాలి.

"బంధువులు ఒకళ్ళు వచ్చి వెళ్తే మిగతావాళ్ళు మొహమాటపడి రారా?" అంది ఆ సాయంత్రం, సూదులు తీసి. "మీ తమ్ముడు వచ్చి వారం ఉండి వెళ్ళాడు. ఇల్లు బాగుందని వాళ్ళ బావమరిదికి చెప్పాడు. ఆయన వచ్చాడు. ఆయన వెళ్ళి వాళ్ళ అత్తగారికి చెప్పాడు. ఆవిడ మందులపెట్టె, దిండు తెచ్చుకుని మరీ వచ్చింది. మీ నాయనమ్మ ఏ బంధువులని చూసి ఈ లెక్క కట్టిందో నాకు అర్థం కాదు."

బాబాయ్ తుమ్మాడు. దుమ్మన్నాడు.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేది, కూతురికి కానుపు రాకపోతే. ఒక్కత్తే కూతురు, దూరపు ఊళ్ళో కరెంటాఫీసులో పనిచేస్తుంది. ఆడపిల్ల పుట్టిందని తెల్లారకముందే కబురొచ్చింది. భార్య అప్పటికే అక్కడుంది. మైకు బాబాయ్ జీవితంలో మొదటిసారి తనంతట తాను బస్సెక్కాడు. కిటికీలోంచి గాలి కొడుతోంటే ముక్కు కారింది. లెక్కచెయ్యలేదు. ఆస్పత్రి గది గుమ్మంలో, చేతులు చాపి మనవరాలి వైపు ఒక్క అడుగు వేశాడు. అప్పుడొచ్చింది తుమ్ము. మామూలు తుమ్ము కాదు, వరండాలో స్టీలు గిన్నె దొర్లింది.

"నాన్నా, జలుబుందా?" అంది కూతురు మంచం మీద నుంచి.

"రొంపే, జలుబు కాదు," అన్నాడాయన, నిజాయితీగా.

కూతురు ఆయన్ని గుమ్మంలోనే ఆపేసింది. రొంపైనా పడిశమైనా పురిటిబిడ్డ దగ్గరికి రావద్దని డాక్టరు చెప్పారంది. ఆయన రొంపకీ జలుబుకీ ఉన్న తేడా విప్పి చెప్పబోయాడు. ఆ పిల్లకి కోపమొచ్చింది. పురిటి నొప్పులు పడిలేచిన మనిషి, ఆ తేడా వినే ఓపిక ఎక్కడిది? మాటా మాటా పెరిగింది. చివరికి ఆయన మనవరాలి పాదాలు మాత్రం దూరం నుంచి చూసి, వచ్చిన బస్సుకే తిరిగొచ్చాడు. దారంతా చేతులు ఖాళీగా అనిపించాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ రొంప తగ్గాక ఆయన ఒక రకంగా సంతోషించాడు కూడా. "ఇంక మంచిదే. పడిశం చిన్నప్పుడే అయిపోయింది. ఇప్పుడు రొంపా అయిపోయింది. కుటుంబం మొత్తం వచ్చి వెళ్ళినట్టే. ఈసారి పాప వచ్చేసరికి నేను కడిగిన ముత్యం," అన్నాడు భార్యతో. ఆవిడ సూదులు తియ్యలేదు. కానీ మిషను కాస్త గట్టిగా తొక్కింది.

పాపకి మెడ నిలిచాక, ఒక ఆదివారం పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతానని కూతురు కబురు చేసింది. సెలవు లేదు, అంతకన్నా కుదరదు. బాబాయ్ ఆ ఆదివారం కోసం కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. బటన్లు పాపకి గుచ్చుకుంటాయని లోపలికి కుట్టమన్నాడు. చేతులు సబ్బుతో కడిగీ కడిగీ తోలు లేచింది. ఇంక ఆదివారం అల్లంత దూరంలో ఉందనగా, ముక్కు మూసుకుపోయింది.

కారలేదు. మూసుకుపోయింది. రెండు తలుపులూ వేసి గడియ పెట్టినట్టు. అప్పుడే ఆయనకి ఓ భయంకరమైన సంగతి తెలిసొచ్చింది. మైకు ముందు నోరు తెరిచి, "ప్రయాణికులకు మనవి. నూలు మిల్లు మీదుగా వెళ్ళే బస్సు మూడో నంబరు మీద ఉంది. మీ సామాను మీరే చూసుకోవాలి" అన్నాడు. బయటికొచ్చింది ఇది:

"ప్రయాడికులకు బదవి. దూలు బిల్లు బీదుగా వెళ్ళే బస్సు బూడో దబ్బరు బీద ఉద్ది. బీ సాబాదు బీరే చూసుకోవాలి."

బస్టాండులో తలలన్నీ స్పీకర్ల వైపు తిరిగాయి. బీరు ఎక్కడ చూసుకోవాలని ఓ పెద్దమనిషి కౌంటరులో వాకబు చేశాడు.

ముక్కుతో పలికే అక్షరాలు ఇన్నున్నాయని ఆయనకి ఇన్నేళ్ళలో తెలియదు. "మ" అంటే "బ" వస్తోంది, "న" అంటే "ద" వస్తోంది, సున్నా ఉన్నచోట గొంతు మెట్టు తప్పినట్టు తడబడుతోంది. ఈ గొంతుతో కూతురితో మాట్లాడితే మొదటి మాటకే పట్టుబడిపోతాడు. బాబాయ్ ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆ అక్షరాలున్న మాటలు మాట్లాడకూడదు. అంతే.

మైకులో ఇది కాస్త తిప్పలు పెట్టింది. ఒకటి, ఐదు, ఆరు పలకొచ్చు. రెండు, మూడు, నాలుగు పలకరాదు. పలకరాదని బస్సులు ఆగవు కదా. "అయ్యలారా, అక్కలారా. ఏటి అవతలికి పోయే బస్సు ఒకటి పక్క పక్కది. గుట్ట బస్సు ఐదుకి ఇవతలిది. త్వరగా ఎక్కెయ్యాలి" అని చెప్పసాగాడు. ప్రయాణికులు మూటలు దించి వేళ్ళు లెక్కపెట్టుకున్నారు. ఏటి అవతలికి పోవలసిన పెళ్ళి బృందం గుట్ట ఎక్కి, అక్కడ పెళ్ళికూతురి కోసం వెతికిందని చెప్పుకున్నారు. నిజమో కాదో గానీ స్టేషను మేనేజరు గది తలుపు ఆ వారం చాలాసార్లు తెరుచుకుంది.

ఇంట్లో భార్య ముందు ఈ విద్య పూట కూడా నిలవలేదు. ఆవిడ కొలత టేపు మెడలో వేసుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. సూదులు తీసింది.

"పొద్దున్నించీ మీరు 'నేను' అనలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీరు ఇంతసేపు 'నేను' అనకుండా ఉండడం ఇదే మొదలు. జలుబు చేసింది కదూ?"

ఆయన తలొంచుకున్నాడు.

"పిల్లకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"చెప్తా. తప్పక చెప్తా," అన్నాడాయన. చెబితే కూతురు రాదు. రాకపోతే మళ్ళీ ఎప్పుడో. పాప అప్పటికి పరిగెత్తే వయసుకొచ్చి, ఎత్తుకోబోతే జారిపోతుంది. ఒక్కసారి, మూతికి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగపట్టి, ఒక్కసారి ఎత్తుకుంటే ఏమవుతుంది అని ఆయనకి ఆశ. తప్పని తెలిసిన ఆశే.

శనివారం ఫోను మోగింది. భార్య దొడ్లో ఉంది.

"హలో," అంది కూతురు.

"హలో తల్లీ. చెప్పు."

"రేపు పొద్దుటే బస్సెక్కుతా. పాపతో వస్తా."

"రా తల్లీ, రా. పాపకి హాయేగా?"

"హాయే. బుగ్గలు బాగా పెరిగాయి." కాస్త ఆగింది. "అక్కడ ఎవరికీ జలుబు లేదుగా?"

"జలుబా? ఛ. ఎవరికీ లేదు."

"సరే. పెట్టేస్తా."

"జాగ్రత్తగా రా."

ఫోను పెట్టేసి ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఒక్క అక్షరం తప్పలేదు. గెలిచినట్టే. కానీ గెలిచిన సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఆ పిల్ల ఎప్పుడు మాట్లాడినా నాన్నా అని మొదలుపెట్టి నాన్నా అని ముగిస్తుంది. మధ్యలో ఊపిరి తీసుకున్నప్పుడల్లా నాన్నా అంటుంది. ఇవాళ ఒక్కసారి కూడా అనలేదు. ఆస్పత్రి గుమ్మం దగ్గరి కోపం ఇంకా పోలేదన్నమాట. కోపంగా ఉన్న బిడ్డతో పైగా అబద్ధం కూడా ఆడాడు. బాబాయ్‌కి ఆ రోజు అన్నం సయించలేదు.

ఆదివారం డ్యూటీ వేయించుకున్నాడు, కూతురి బస్సు వచ్చిందని తనే చెప్పాలని. బస్సు వచ్చింది. వచ్చిందని చెప్పడం మర్చిపోయాడు. మెట్ల మీద ముందు ఒక సంచి, తర్వాత ఒక కాలు, తర్వాత తెల్లటి దుప్పట్లో ఒక గుండ్రటి మొహం. కూతురు మూతికి గుడ్డ కట్టుకుంది. ప్రయాణంలో దుమ్మని కాబోలు అనుకున్నాడు. ఆ పిల్ల నేరుగా అద్దాల గది వైపే నడిచింది. ఆయన లేచాడు. మాస్కు జేబులోనే ఉంది. తలుపు రెండడుగుల దూరం. పాప అద్దంలోంచి ఆయన్నే చూస్తోంది, కళ్ళు ఆర్పకుండా, నువ్వెవరు అన్నట్టు.

అప్పుడాయన, ఎందుకో ఆయనకే తెలియదు, తలుపు తియ్యడానికి వెళ్ళిన చేత్తో లోపలి గడియ పెట్టేశాడు. వెనక్కొచ్చి కూర్చుని మైకు దగ్గరికి లాక్కున్నాడు. బస్సుల మోతలో అద్దంలోంచి మాట వినబడాలంటే మైకే గతి.

"తల్లీ, దాకు జలుబు చేసిద్ది," అన్నాడు. బస్టాండులో ప్రతి స్తంభం మీదా ఉన్న స్పీకరు ఆ మాట అంది. "రొప్ప కాదు. పడిశబూ కాదు. జలుబే. దిద్ద అబద్ధబు చెప్పాదు. లోపలికి రావద్దు."

టీ కొట్టు ముందు గ్లాసులు గాల్లోనే ఆగాయి. కూతురు నిలబడిపోయింది. తర్వాత అద్దానికి ఉన్న గుండ్రటి కన్నం దగ్గరికి మొహం తెచ్చి, మూతి గుడ్డ పైకి సర్దుకుని, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో చెప్పింది. మైకు దాన్నీ పట్టుకుంది.

"దాకూ జలుబే దాద్దా."

బాబాయ్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళు చెమర్చాయి. కోపం కాదు. పిల్లకి కోపం లేదు. నాన్న అని పలకలేకపోయింది, అంతే. నిన్న ఫోనులో ఇద్దరూ ఒకే అక్షరాలు దాచుకుంటూ మాట్లాడుకున్నారు. ఆస్పత్రిలో తండ్రిని గుమ్మంలో ఆపేసిన మనిషి, తనకే జలుబు చేసిందని చెప్పుకోలేక సిగ్గుపడింది.

కూతురికి ఎదురొస్తున్న భార్యా, ఆస్పత్రిలోంచి నర్సమ్మా ఇద్దరూ స్పీకర్లు విని పరిగెత్తుకొచ్చారు. నర్సమ్మ పాపని చూసి, తల్లిని చూసి, ఇద్దరికీ కలిపి చెప్పింది: "తల్లి పాలు ఇవ్వచ్చు, మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని. తాతగారు మాత్రం తగ్గేదాకా దూరంగా ఉండాలి."

"ఒకవేళ బా ఇద్దరిదీ ఒకటే అయితే?" అన్నాడు బాబాయ్ ఆశగా.

"ఒకటో, బంధువులో నాకేం తెలుసు బాబాయ్? ముక్కులు చూసి చెప్పలేం."

ఆ ముక్కుతో మళ్ళీ ప్రయాణం వద్దని, కూతురు ఆఫీసుకి ఫోను చేసి, తిట్లు తిని, తగ్గేదాకా ఉండిపోయింది. ఆ రోజులన్నీ బాబాయ్ మనవరాలితో కిటికీలోంచే మాట్లాడాడు. ఆయన పెరట్లో స్టూలు మీద, పాప లోపల భార్య ఒళ్ళో. "దేదబ్బా, బీ అబ్బ వాళ్ళ దాద్దది" అని పరిచయం చేసుకున్నాడు. పాప నోరు తెరిచి చూసింది. "అదిగో, అబ్బబ్బ" అని భార్యని చూపించాడు.

"నేను అబ్బబ్బనా?" అందావిడ.

ఏ వరస పిలిచినా ముక్కలైపోతోంది. అమ్మ అబ్బ అయింది, అమ్మమ్మ అబ్బబ్బ అయింది, నాన్న సంగతి సరేసరి. అలా ఒక్కొక్క వరసా పాడుచేసుకుంటూ వచ్చి, చివరికి తన దగ్గరికొచ్చాడు. "తాత" అన్నాడు. ఆగాడు. మళ్ళీ అన్నాడు. తాత. ముక్కుతో పనే లేదు. ఆ ఇంట్లో జలుబు ముట్టుకోలేని వరస అదొక్కటే మిగిలింది, అదీ తనదే. ఆ సంతోషంలో ఆ మాట ఎన్నిసార్లన్నాడో, పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు. పాప మాత్రం నవ్వింది.

ఇద్దరికీ తగ్గింది. నర్సమ్మ సరేనంది. బాబాయ్ బటన్లు లోపలికి కుట్టిన చొక్కా వేసుకుని, మంచం మీద కూర్చుని చేతులు చాపాడు. కూతురు పాపని ఆ చేతుల్లో పెట్టింది. ఆయన గొంతు సవరించుకుని, అన్ని అక్షరాలూ తిరిగొచ్చిన గొంతుతో, మైకు ముందు పలికినంత స్పష్టంగా చెప్పాడు: "నేనమ్మా. మీ అమ్మ వాళ్ళ నాన్నని."

పాప మొహం ముడుచుకుంది. కింది పెదవి వణికింది. కిటికీ అవతల మనిషి గొంతు ఇది కాదు. ఎవరో కొత్తవాడు.

ఇంత ఎదురుచూసి, ఇప్పుడు ఏడిపించి దించెయ్యాలా? ఏం చెయ్యాలో తోచక, నోటికొచ్చిన మాట మెల్లగా అన్నాడు. "తాత."

పెదవి ఆగింది. పాప ఆయన నోటి వైపు చూసింది, ముక్కు వైపు చూసింది, ఆ పోలిక ఎక్కడో పట్టుకుంది. తర్వాత పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వి, ఆయన ముక్కుని పిడికిలితో పట్టుకుంది. ఆయన వదిలించుకోలేదు. భార్య మిషను వైపు తిరిగి కూర్చుంది. గుడ్డ లేకుండానే మిషను తొక్కుతోందని కూతురు గమనించింది.

మర్నాడు పొద్దున బస్సు. అద్దాల గది ముందు నర్సమ్మ ఎదురైంది. బాబాయ్ చాలా బెంగగా అడిగాడు: "అమ్మా, ఒకసారి గుర్తుపెట్టుకున్నది ఎన్నాళ్ళు గుర్తుంటుంది?"

ఆయన మళ్ళీ తన పాసు సంగతే ఎత్తుకున్నాడనుకుంది నర్సమ్మ. "చెప్పానుగా బాబాయ్, కొంతకాలమే. ఆ తర్వాత మర్చిపోతుంది. మళ్ళీ మళ్ళీ తగులుతూ ఉంటేనే గుర్తుంటుంది."

ఆయన బస్సు వైపు చూశాడు. కిటికీలో తెల్లటి దుప్పటి కనబడుతోంది. ఈసారి ఆ కొంతని తీసెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. నిజంగానే కొంతకాలమే అయితే, ఇప్పటినుంచే తగులుతూ ఉండాలి. మేనేజరు గదిలోకి వెళ్ళి సెలవు అడిగాడు. గుట్ట ఎక్కిన పెళ్ళి బృందాన్ని ఇంకా మర్చిపోని మేనేజరు, అడిగినదానికన్నా రెండు రోజులు ఎక్కువే ఇచ్చాడు.

బాబాయ్ అద్దాల గదిలోకి వచ్చి మైకు ముందు నిలబడ్డాడు. "ప్రయాణికులకు మనవి. నూలు మిల్లు మీదుగా వెళ్ళే బస్సు మూడో నంబరు మీద నుంచి బయలుదేరుతోంది," అని ఒక్క అక్షరం పోకుండా చెప్పి, మైకు ఆపి, తలుపు తీసుకుని పరిగెత్తాడు. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని కూడా ఊదలేదు. ఆయన మెట్టెక్కి కూర్చునేదాకా బస్సు ఆగింది.